ఎనిమిది శాతం ఛార్జితో ఓవర్‌టేక్

నా సర్వీసులో చివరి పోస్టింగు ఆదోని. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌గా అక్కడ గడిపిన ఆఖరి ఎండాకాలంలో, ఎమ్మిగనూరు రోడ్డు మీద ప్రమాదానికి గురైన ఒక ఎలక్ట్రిక్ టాక్సీని తనిఖీ చేయమని పోలీసులు కోరారు. బండిని నడిపి చూసి, అందులో యాంత్రిక లోపం ఉందో లేదో రాసివ్వడం మా పని. లోపం లేదని రాస్తే తప్పంతా డ్రైవరు మీద పడుతుంది.

డ్రైవరు మహబూబ్ బాషాది ఆదోనే. రైలు అందుకోవాల్సిన దంపతులను ఎమ్మిగనూరులో ఎక్కించుకుని వస్తూ, దారిలో పత్తి లారీని దాటబోయాడు. కారు లారీ పక్కనే ఉండిపోయింది. ఎదురుగా బస్సు రావడంతో చేనులోకి దింపేశాడు. లోపలున్న ఆవిడకు చెయ్యి విరిగింది. అతని లైసెన్సు సస్పెండ్ చేసే ప్రతిపాదన అప్పటికే సిద్ధమైంది. లైసెన్సు పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగడం కష్టం.

తలుపులు నొక్కుకుపోయినా మోటారు, బ్రేకులు బాగానే ఉన్నాయి. నేను యాక్సిలరేటర్ తొక్కగానే కారు దూకింది. పక్కన కూర్చున్న ఎస్సై నవ్వాడు.

"సూసినారు గదా మేడమ్, బండి బంగారం. రాసేయండి."

దిగేసరికి బాషా ఎదురొచ్చాడు. "ఆ పొద్దు ఇట్ల లేదు మేడమ్. కాలు అదిమి తొక్కినా ముందుకు పోలేదు. ఛార్జి ఎనిమిది శాతమే ఉండె. 'యాడన్నా ఛార్జి పెట్టుకుంటా, అన్నా' అని ఓనరుకు ఫోన్ చేస్తే, నేరుగా వచ్చేయమన్నాడు."

ఇప్పుడేమో మీటరు నిండుగా ఉంది. తనిఖీకి ఇబ్బంది కాకూడదని యజమాని ముందురోజే ఛార్జి పెట్టించాడట. నాకు ఒళ్లు మండింది.

పెట్రోలు బండిలో ట్యాంకు అడుగంటినా, పెట్రోలు అందినంతసేపు ఇంజను అదే బలంతో లాగుతుంది. బ్యాటరీ అలా కాదు. ఛార్జి తగ్గేకొద్దీ వోల్టేజి పడిపోతుంది. మరీ అడుక్కి వస్తే, బ్యాటరీ పాడవకుండా కారే మోటారుకిచ్చే కరెంటు తగ్గించేస్తుంది. బండి ఇక మెల్లగానే పోతుందని చెప్పడానికి, చాలా కార్లలో అప్పుడు మీటరు దగ్గర తాబేలు బొమ్మ వెలుగుతుంది.

ఎనిమిదికి దిగేదాకా తిప్పి మళ్లీ చూస్తానన్నాను. ఎస్సై గొణిగాడు. కాసేపటికి మా పై అధికారి ఫోన్ చేశారు. రిటైరయ్యే ముందు ఈ ప్రయోగాలెందుకని అడిగారు.

"రిటైర్మెంటు నాకు, సస్పెన్షన్ అతనికి. రెండూ ఒకటేనా సార్?" అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశారు.

ఏసీ వేసుకుని, ఎస్సైని పక్కనే కూర్చోబెట్టుకుని, ఎండలో కారు తిప్పాను. ఎనిమిది చూపించాక ఖాళీ రోడ్డు మీద పూర్తిగా తొక్కాను. కారు బరువెక్కిన ఎద్దులబండిలా కదిలింది. తాబేలు బొమ్మ వెలిగింది. ఈసారి ఎస్సై నవ్వలేదు.

యాంత్రిక లోపం లేదనే రాశాను, ఎందుకంటే లేదు. దాని కింద, ఆ ఛార్జిలో ఓవర్‌టేక్‌కు సరిపడా వేగం ఈ బండి అందుకోలేదని, ఆ సంగతి డ్రైవరుకు ఎవరూ నేర్పలేదని, ఛార్జి పెట్టుకుంటానంటే యజమాని వద్దన్నాడని రాశాను. బాషాను కూడా వదల్లేదు. తాబేలు బొమ్మ చూసి కూడా లారీని దాటబోయానని అతనే ఒప్పుకున్నాడు, అదీ రాశాను. అదనంగా రాసింది కొట్టేయమని పై అధికారి అన్నారు. కొట్టేయలేదు.

సస్పెన్షన్ ఆగింది. బాషాకు హెచ్చరిక, యజమానికి నోటీసు వెళ్లాయి. నా వీడ్కోలు సభకు పై అధికారి రాలేదు. నాకేం లోటు కాలేదు.

ప్రమాదం జరిగినప్పుడు బండి ఏ స్థితిలో ఉందో, ఆ స్థితిలోనే దాన్ని పరీక్షించాలి. నిండు ఛార్జితో నడిపి చూసి డ్రైవరుదే తప్పని రాసుకొస్తే, ఆ కాగితం మీద ఇవాళైనా సంతకం పెట్టను.