పేర్ల మీద అట్టముక్క

మా బావంత పిరికివాడు మా బంధువుల్లో ఇంకొకడు లేడు. దొంగలకీ దయ్యాలకీ కాదు, మాట పడటానికి భయం ఆయనకి. ఆ భయమే మా అమ్మ ప్రాణం మీదికి తెచ్చింది.

బిల్డింగ్‌లో అందరూ ఆయన్ని కళ్ళెం అంటారు. నాలుగంతస్తులకీ కలిపి ఇంటర్నెట్ లైను ఒక్కటే. మెట్ల కింద చీపుర్లు పెట్టుకునే గదిలో రౌటర్ ఉంటుంది. ఎవరింటికి ఎంత వేగం రావాలో, ఎవరింటినుంచి ఎంత బయటికి పోవాలో అక్కడ కూర్చుని బావే బిగిస్తాడు, వదులుతాడు. సినిమా మధ్యలో ఆగిపోతే జనం తిట్టేది ఆయన్నే.

ఒకసారి మూడో అంతస్తు టైలరు, "సొంతింటికి గేట్లెత్తేసి మాకు చుక్కలు విదిలిస్తున్నాడు" అన్నాడు. ఆ రాత్రి బావకి అన్నం సహించలేదు. మర్నాడే కంప్యూటర్ తెరమీద ఇళ్ళ పేర్లుండే వరస కనపడకుండా అట్టముక్క అంటించేశాడు. ఇక అంకెలే చూస్తాడు. ఎక్కువ వాడుతున్నదెవరైనా సరే, కోసేస్తాడు. అదీ బయటికి పోయేదాన్నే, అంటే ఇంట్లోంచి అవతలివాళ్ళకి వెళ్ళే బొమ్మా మాటా. లోపలికి వచ్చేది తగ్గితే జనం మీదపడతారు, పోయేది తగ్గితే అడిగే నాథుడుండడు. ఈ కిటుకు కనిపెట్టినందుకు మా దగ్గర మీసం కూడా తిప్పాడు.

అమ్మ అక్కా బావల దగ్గరే, రెండో అంతస్తులో ఉంటుంది. ఉన్నట్టుండి కళ్ళు తిరిగి పడిపోయే జబ్బు. పగలు అక్క ఉద్యోగానికి పోతుంది, బావ ఏదో ఒక ఇంట్లో వైర్లు లాగుతుంటాడు. అందుకని అక్క ముందుగదిలో కెమెరా పెట్టించింది. కళ్ళజోళ్ళ కొట్లో నాకు గిరాకీ లేనప్పుడల్లా ఫోన్‌లో అమ్మని చూసుకుంటూ కబుర్లు చెప్తాను. నా మాట ఆవిడకి కెమెరాలోంచి వినిపిస్తుంది, ఆవిడ మాట నాకు ఫోన్‌లో.

ఆ మధ్యాహ్నం చూస్తే అమ్మ కుర్చీలో ఒద్దికగా కూర్చునుంది. "అబ్బో, ఇవాళ ఎంత బుద్ధిమంతురాలివో" అన్నాను. జవాబు లేదు. అలిగిందనుకున్నాను, ఆవిడకి అలక కొత్తేమీ కాదు. "సరే, మాట్లాడకు. సాయంత్రం వచ్చి నీ సంగతి చెప్తా" అని, ఒకాయనకి ఫ్రేములు చూపించి వచ్చాను. అమ్మ అలాగే ఉంది. అదే చెయ్యి, అదే కొంగు. వెనక గోడమీద గడియారంలో సెకన్ల ముల్లు కూడా కదలడం లేదు.

వెంటనే బావకి ఫోన్ చేశాను.

"బావా, అమ్మ బొమ్మ ఆగిపోయింది. ఎవరిదైనా కోశావా?"

"ఇందాక ఒకటి కోశాను. పొద్దుట్నుంచీ ఆపకుండా బయటికి పంపిస్తూనే ఉంది."

"ఎవరిది?"

రౌటర్ గదిలోనే ఉన్నట్టున్నాడు. అట్టముక్క చిరిగిన చప్పుడు వినపడింది. తర్వాత మెట్లమీద పరుగు, "అత్తయ్యా, అత్తయ్యా" అని కేకలు. ఫోన్ జేబులో పడేసుకున్నట్టున్నాడు. అటు తాళం తీస్తున్న శబ్దం ఎంతకీ ఆగలేదు. నేను కౌంటరు పట్టుకుని నిలబడ్డాను. చచ్చిపోయిందని చెప్తాడేమోనని ఫోన్ పెట్టేయబోయాను కూడా.

"ఊపిరుంది" అన్నాడు బావ, ఏడుస్తూ.

అమ్మ కుర్చీ పక్కన పడి ఉంది. తుంటి విరిగింది. లేవలేక కెమెరా వైపు తిరిగి నన్ను పిలుస్తూనే ఉందట. లోపలికి వచ్చేదాన్ని బావ ముట్టుకోలేదు కదా, నా మాటలన్నీ ఆవిడకి శుభ్రంగా వినపడ్డాయి. బుద్ధిమంతురాలివి అన్నదీ, నీ సంగతి చెప్తా అన్నదీ.

"పిలుస్తున్నా పలకదేంటి, నామీద అంత కోపమేంటి దీనికి అనుకున్నాను" అంది ఆస్పత్రిలో.

తుంటి అతికింది. అట్టముక్క పోయింది. టైలరు ఏమన్నా బావ నోరు మూసుకుని పడుతున్నాడు. అమ్మకి మాత్రం ఒక అలవాటు మిగిలిపోయింది. మేం పక్కనే కూర్చున్నా సరే, ఏదైనా చెప్పేముందు ఆగి, "వినపడుతోందా?" అని అడుగుతుంది. నేను జవాబు చెప్పేలోపే బావే ఏ గదిలో ఉన్నా పరిగెత్తుకొస్తాడు.

"వినపడుతోంది అత్తయ్యా, చెప్పండి" అంటాడు.