రెండో గేరులో దిగిన మామ

మా మామ పోయాడు. పొద్దున తుమకూరు దగ్గర టీ తాగుతుంటే అత్త ఫోను చేసి చెప్పింది. మా అమ్మకు తమ్ముడాయన, నాకు లారీ నడపడం నేర్పినవాడు. నేను నాసిక్ ఉల్లిగడ్డల లోడుతో ఉన్నాను. "సాయంత్రం దాకా పెట్టుకుంటాము. నిదానంగా రా నాయనా" అంది అత్త.

ముప్పై ఏళ్ళకు పైగా లారీ తోలి, తొప్పూరులో, ఘాట్ రోడ్డు దిగగానే, రెండు గదుల ఇల్లు కట్టుకున్న మనిషి. లారీ డ్రైవరంటే అద్దెకు ఇల్లివ్వని ఊళ్ళున్నాయి. ఆయన మాత్రం వారం రోజుల దారి నుంచి వచ్చినా ఇస్త్రీ చొక్కా తొడుక్కునే బండి దిగేవాడు. మాది ఇంట్లో తెలుగు, బడిలో అరవం. ఆంధ్రా లారీల వెనక రాసినవి చదివిస్తూ ఆయనే నాకు అక్షరాలు నేర్పాడు. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆ లారీల పుణ్యమే.

ఆయనకో చాదస్తం ఉండేది. ఆ దారిన పోయినవాళ్ళకు తెలుసు, ఆ ఘాట్ దిగుడు ఎంత ఏటవాలో. మామ పైనే బండి ఆపేవాడు. ఇనుప కడ్డీతో ఒక్కో టైరునూ కొట్టి, గాలి సరిగా ఉందో లేదో చప్పుడును బట్టి తెలుసుకునేవాడు. ముఖం కడుక్కుని రెండో గేరు వేసేవాడు. ఆ గేరులో బండిని ఇంజనే పట్టి ఉంచుతుందని కిందిదాకా దాన్ని మార్చేవాడు కాదు. వెనక బండ్లవాళ్ళు హారన్లు కొట్టి ప్రాణం తీస్తుంటే చెయ్యి బయటపెట్టి పొమ్మనేవాడు. కింద ఇంట్లో అత్త ఆ ఇంజను మూలుగు గుర్తుపట్టి ఎసరు పెట్టేది.

మిగతావాళ్ళం గేరు తీసేసి న్యూట్రల్‌లో దిగేవాళ్ళం. ఓనరు కొలిచి ఇచ్చే డీజిలులో మిగిలింది డ్రైవరుదే కదా. బ్రేకులు వేడెక్కితే బండి ఆగదని తెలిసీ దిగేవాళ్ళం. ఒకసారి మామ పక్క సీట్లో నిద్రపోతున్నాడనుకుని నేనూ అదే చేశాను. ఇంజను గొంతు తగ్గగానే ఆయన కళ్ళు తెరిచాడు. కిందికి వచ్చి బండి ఆగాక చెయ్యి చాపాడు. తాళం ఇచ్చేశాను.

"మిగిలిన డీజిలు నీదేరా, సరే. ముందర పోయే బండిలో వాని పానం ఎవురిది?" అన్నాడు.

"నీకు భయం మామా. ముసిలోడివైపోయినావు" అన్నాను. నోటిదురుసు నాకు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

"భయమేరా. ఆ భయంతోనే ఇన్నేండ్లు ఇంటికి వచ్చినా."

మూడు నెలలు నన్ను స్టీరింగు ముట్టనివ్వలేదు. ఆయన్ని తిట్టుకుంటూ కంబైనల్లూరు సంతలో మూటలు మోశాను. తర్వాత ఆయనే వెతుక్కుంటూ వచ్చి తాళం చేతిలో పెట్టాడు. ఈ పనితోనే నా పిల్లలు చదువుకుంటున్నారు, నా ఇల్లు మర్యాదగా నడుస్తోంది.

మామ పోయిన రోజు ధర్మపురి దాటి టోల్‌గేటు దగ్గరుండగా అత్త మళ్ళీ ఫోను చేసింది. "వానొచ్చేట్టుండాది నాయనా. పెద్దోళ్ళు ఇంక ఆపలేమంటుండారు. యాడుండావు?"

దిగుడు మొదట్లో నా చెయ్యి న్యూట్రల్ చెయ్యడానికి గేరు రాడ్డు మీదికి పోయింది. అబద్ధం చెప్పను. బండిని అలా వదిలేస్తే ఆయన కడసారి చూపు నాకు దక్కేది. పక్కకు తీసి ఆపాను. కడ్డీ పట్టుకుని దిగి టైర్లు కొట్టాను. ఏడుపు వచ్చి చప్పుడు సరిగా వినపడలేదు. మళ్ళీ మొదటి టైరు నుంచి కొట్టుకొచ్చాను. ఎక్కి రెండో గేరు వేశాను. దారంతా హారన్లే.

ఇంటికి చేరేసరికి మగవాళ్ళెవరూ లేరు. రోడ్డు పొడవునా రాలిన పూలు చినుకులకు తడుస్తున్నాయి. అత్త గుమ్మంలో కూర్చుని ఉంది.

"చూడలేకపోతినత్తా" అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "పాడె ఎత్తేటప్పుడు పైన నీ బండి మూలుగు వినపడె. మీ మామ చెవిలో చెప్పినా, అబ్బోడు గేర్లోనే దిగుతుండాడని."