నిందితుడికీ దోషికీ మధ్య

ఈ ఉదయం ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి కూర్చోగానే పక్కాయన ఫోనులోంచి వార్తలు గట్టిగా వినిపించాయి. "నిందితుణ్ణి అదుపులోకి తీసుకున్నారు" అన్న మాట చెవిన పడగానే సుభద్ర మేడమ్ గుర్తొచ్చారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డ మేడమ్ మా బడిలో తెలుగు చెప్పేవారు. మా అమ్మ మేడమ్ ఇంట్లో పనిచేసేది. నన్ను ఆ బడిలో చేర్పించిందీ మేడమే.

మాది ఇంగ్లీషు మీడియం. తెలుగు పుస్తకం తెరిస్తే ఆవులింతలే. అది చూసి మేడమ్ ఒకరోజు పుస్తకం పక్కనపెట్టి, తరగతిలోని తెర మీద తెలుగు వార్తల వెబ్‌సైటు తెరిచారు. అప్పట్నుంచి రోజూ ఒక వార్త. తెలియని మాటకు వెంటనే అర్థం చెప్పేవారు కాదు. "చుట్టుపక్కల మాటల్ని అడగండర్రా, అవే చెప్తాయి" అనేవారు. క్రికెట్ వార్తల్లో 'ఉత్కంఠ', వానల వార్తల్లో 'అల్పపీడనం' అలాగే మాకు చుట్టాలయ్యాయి. ఒకసారి సెల్‌ఫోన్ దొంగతనం వార్త నాచేత చదివించారు.

"ఏం జరిగిందమ్మా రూతూ?"

"దొంగ దొరికిండు, మేడమ్."

"దొంగ అని ఎక్కడుంది? మళ్ళీ చదువు."

'నిందితుడు' అని ఉంది. అంటే నింద పడ్డవాడని, నేరం రుజువైతేనే దోషి అని ఆరోజు తెలిసింది. "తెలియని మాట దాటేశావు. దాంతో ఒక మనిషిని దొంగను చేశావు" అన్నారు, నవ్వుతూనే.

ఆ చలికాలంలో మేడమ్ వాళ్ళింట్లో బంగారు గొలుసు పోయింది. బడి అయ్యాక అమ్మ కోసం వెళ్ళేసరికి, అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. అప్పుడే మేడమ్ కూడా వచ్చారు. "ఇంట్లోకి ఇంకెవరొచ్చారే? ఇదే తీసింది. పోలీసుల్ని పిలు" అంటున్నారు మేడమ్ అత్తగారు. "యేసయ్య తోడు, నేను ముట్టలే అమ్మా" అంది అమ్మ. మేడమ్ భుజం మీది సంచీ అయినా దించలేదు.

"తీస్తుండగా చూశారా, అత్తయ్యా?"

"చూడటమెందుకే? తెలీట్లా?"

"చూడనప్పుడు ఆ మాట అనకండి" అని అమ్మవైపు తిరిగి, "మరియమ్మా, రేపు పొద్దున్నే వచ్చెయ్" అన్నారు.

దారిలో అమ్మ, "రేపు ఏ మొఖం పెట్టుకొని పోవాలె బిడ్డా?" అంది. కానీ పోయింది.

ఆ గొలుసు ఇప్పటికీ దొరకలేదు. అత్తగారు చాన్నాళ్ళు అమ్మతో మాట్లాడలేదు. మేడమ్ మాత్రం ఆ ఊసే ఎత్తలేదు. ఊరెళ్ళినప్పుడల్లా ఇంటి తాళం ఎప్పటిలాగే అమ్మ చేతిలో పెట్టేవారు.

నేనిప్పుడు మలక్‌పేటలో ఒక బట్టల దుకాణం చూసుకుంటున్నాను. లెక్కలో సరుకు తగ్గిందంటే అందరి చూపూ కొత్తగా చేరిన పిల్ల మీదికే పోతుంది. "ఎవరన్నా చూసిండ్రా?" అని అడుగుతాను. చూసినవాళ్ళు ఉండరు. మర్నాడు ఆ పిల్లనే గోదాములోకి పంపి చీరలు తెమ్మంటాను.