నడిమి తొట్టిలో గల్లుప్పు

ఆ రోజుల్లో నా విశ్వాసం కొత్తగా కొన్న బండి లాంటిది. బ్రేకు ఎక్కడుందో చూసుకోకుండానే తోలేవాణ్ణి. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, ఆత్మకూరు దిక్కున్న మా చిన్న ఊళ్లో మురికినీళ్లు శుద్ధి చేసే కేంద్రం కట్టారు. మూడు తొట్లు, ఒక గాలి మోటారు, ఒక రేకుల గది, నేను. మూడు నెలల్లో చివరి తొట్టి నీళ్లు తేటపడితేనే ఉద్యోగం నిలుస్తుందని ఇంజనీరు సారు ముందే చెప్పాడు. బాపుకు ఈ పని మొదటినుంచీ గిట్టలేదు. "మీ తాత ఊరి పాయఖానలు ఎత్తింది చాలదా, డిగ్రీ చదివి నువ్వు మల్ల గదే పనికి పోవుడా?" అనేవాడు. ఉద్యోగం ఊడితే ఆ మాటే గెలుస్తుందని నా భయం.

రెండున్నర నెలలైనా నీళ్లు చాయ్ రంగు వదలలేదు. వాసన సంగతి చెప్పను (చర్చి ఆరాధనలో నా పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీయే). ఒక ఆదివారం సాక్ష్యం చెబుతూ ప్రార్థించమని సంఘాన్ని కోరాను. అంతటితో కూర్చోక, బైబిల్లో చెడ్డనీళ్ల ఊటలో ప్రవక్త ఉప్పు వేసి బాగుచేసిన సంగతి ఎత్తుకుని అరగంట వాక్యం చెప్పాను. సోమవారం పొద్దున్నే మా మేనత్త, స్త్రీల సమాజానికి పెద్ద, నలుగురు అక్కలతో, రెండు బస్తాల గల్లుప్పుతో ఆటో దిగింది. ఇది ఊట కాదు, మోరీ నీళ్లని మొత్తుకున్నాను.

"నిన్న నువ్వే గదరా చెప్పింది. చెప్పుడు నీ వంతు, నమ్ముడు మా వంతేనా?" అంది అత్త.

నిజానికి నాకూ లోపల ఆశ పుట్టింది. పాట పాడి, ప్రార్థన చేసి, గాలి బుడగలు తేలే నడిమి తొట్టిలో అంతా కుమ్మరించాం. రెండో బస్తా మూతి విప్పింది నేనే.

మూడో రోజుకు కంపు బస్టాండు దాకా పోయింది. సారు వచ్చి, తొట్టి చూసి, ఏం వేశావని అడిగాడు. అబద్ధమాడలేక అంతా చెప్పేశాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ అన్నాడు:

"అండ్ల కండ్లకు కానరాని పురుగులుంటయ్, తమ్మీ. మురికిని తినేది అవే. గిన్ని రోజులు పెంచితే, నువ్వు వాటికి ఉప్పేసి తొక్కు పచ్చడి పెట్టినవ్."

అయినా ఒక నెల గడువిచ్చాడు. తొట్టి ఖాళీ చేసి, పేడనీళ్లు పోసి, మళ్లీ మొదటినుంచి పురుగుల్ని పెంచాలి. అత్తకు చెబితే నొచ్చుకుంటుందనుకున్నాను. ఆమె మాత్రం పేడకు కూడా వాక్యముందా అని అడిగింది. లేదన్నాను. "అయితే నువ్వు నోరు మూసుకో, నేను తెస్త," అని ఇల్లిల్లూ తిరిగి నాలుగు రోజులు బకెట్లు మోయించింది.

గడువు తీరే వారంలో నీళ్లు తేటపడ్డాయి. బాపు ఒకనాడు పొలం నుంచి అటే వచ్చి, చివరి తొట్టి గట్టున నిలబడి, "అడుగు కానొస్తాంది," అన్నాడు. అంతే అన్నాడు. ఉద్యోగం ఖాయమైన కాగితం కన్నా ఆ మాటే నాకు పెద్దది.

ఇప్పుడు నా కింద ఇద్దరు కొత్తవాళ్లున్నారు. ప్రార్థన చేసుకోండి, కానీ ఆమెన్ అన్నాక చేతులు జేబుల్లో పెట్టుకోండి, తొట్టిలో ఏదీ వేయకండని మొదటి రోజే చెబుతాను. ఆనాడు నాకు ఎవరైనా ఇట్లా చెప్పి ఉంటే బాగుండేదనిపిస్తుంది. చెప్పినా, అప్పటి నేననే ఆ పిల్లవాడు వినకుండా, చెప్పినవాళ్లకే అరగంట వాక్యం చెప్పి పంపేవాడు.