వద్దన్న టేకు

విజయనగరంలో ఒక సంగీత కళాశాలలో వీణ లెక్చరరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు చెప్పబోయేది నా సర్వీసు చివరి రోజుల్లోని సంగతి. వేసవి సెలవులు ఇంకా ఇవ్వలేదు, పరీక్ష పేపర్లు దిద్దుతున్నాం. ప్రిన్సిపాల్‌గారు నన్నూ వరలక్ష్మినీ తమ గదికి పిలిపించారు. చెన్నైలో తీస్తున్న ఒక తమిళ సినిమాకి వీణ కావాలట. కథలో తల్లి బొబ్బిలి వైపు నుంచి మదురై కాపురానికి వెళ్ళి, వీణ పాఠాలు చెప్పుకుంటూ బతికిన మనిషి. అందుకని సంగీత దర్శకుడికి చెన్నైలో దొరికే వీణలేవీ నచ్చలేదు. బొబ్బిలి వీణే కావాలి, దాన్ని ఆ వైపు వాళ్ళే వాయించాలి అన్నాడట. బొబ్బిలి వీణని ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు, గుండ్రటి కుండకీ పొడుగాటి దండికీ మధ్య అతుకు ఉండదు. దాని నాదం తెలిసినవాళ్ళు అలా అడుగుతారు.

వరలక్ష్మి గురించి ముందే చెప్పాలి. మాది ఒకే గురువు, ఒకే డిపార్ట్‌మెంటు, పక్కపక్క గదులు. ఆమెది బొబ్బిలి దగ్గర పల్లె. క్లాసులో పుస్తకంలా మాట్లాడుతుంది, నాతో మాత్రం ఇంటి మాటే. ఇద్దరం ‘ఒసే’ అంటే ‘ఒసే’ అనుకునేంత చనువు. కానీ ఆమె మీద నాకున్నది కుళ్ళు. దానికి వేరే మర్యాదైన మాట వెతకను. రేడియోలో వాయించేవాళ్ళని పరీక్షించి గ్రేడు ఇస్తారు. బి, దానిపైన బి-హై, ఆ పైన ఎ. ఆమెది ఎ, నాది బి-హై. ఎన్నిసార్లు వెళ్ళినా బి-హై దగ్గరే ఆగిపోయాను. సభలవాళ్ళు ఆ గ్రేడు చూసే పిలుస్తారు. మా గదుల మధ్య గోడ పల్చన. ఆమె సాధన చేస్తుంటే నేను పాఠం ఆపి వినేదాన్ని. విని మండిపోయేదాన్ని.

చెన్నై నుంచి సంగీత దర్శకుడి అసిస్టెంటు ఫోన్ చేశాడు. పేరు సెల్వం. చెరొక రాగం వాయించి ఫోన్లో రికార్డు చేసి పంపమన్నాడు. పంపాం. వారం తిరక్కుండా జవాబు వచ్చింది. మెయిన్ వీణ వరలక్ష్మి, స్టాండ్‌బై నేను. స్టాండ్‌బై అంటే, మెయిన్ ఆర్టిస్టుకి ఏదైనా అయితే కూర్చోవడానికి పక్కన పెట్టుకునే మనిషి. ఏమీ కాకపోతే టీ తాగి ఇంటికి రావడమే. నాకు ఒళ్ళంతా కారం రాసినట్టయింది. రానని చెబుదామనుకున్నాను. చెబితే కుళ్ళుకుని రాలేదంటారు, అది నిజం కూడాను. అందుకని ఉన్నవాటిలో మంచి పట్టుచీర కట్టుకుని మరీ బయల్దేరాను. అది నాకు చివరి అవకాశం. ఈ వయసులో రిటైరయ్యాక సినిమాకి వీణ వాయించమని నన్ను పిలిచేదెవరు?

రికార్డింగు శ్రీకాకుళంలో, అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడికి వెళ్ళే రోడ్డులోని చిన్న స్టూడియోలో పెట్టారు. జానపద పాటలు చేసి యూట్యూబులో వదిలే స్టూడియో అది. సూరిబాబు అనే ఆయన నడుపుతున్నాడు, మైకులూ కంప్యూటరూ చూసుకునేదీ ఆయనే. సెల్వం ఆదివారం అనుకున్నాడు గానీ ఆయన ఒప్పుకోలేదు.

“ఆదివారం మాత్రం నాకొద్దండి. దర్సనాలకొచ్చిన ఆటోలన్నీ మన మైకులోనే హారన్ కొడతాయి,” అన్నాడట.

అలా మంగళవారం కుదిరింది.

సినిమా పాట ఇప్పుడు అందరూ కూర్చుని వాయించేది కాదు. చెన్నైలో పాట అప్పటికే తయారైపోయింది. మధ్యలో వీణకి జాగా వదిలారు. ఆ జాగాలో వాయించాల్సిన ముక్కని బిట్టు అంటారు. సెల్వం చెన్నై నుంచి వచ్చి స్వరాలు చెబితే రాసుకున్నాం. వాయించేవాళ్ళకి హెడ్‌ఫోన్ పెడతారు. అందులో కీబోర్డు, దానితోపాటు కాలం చెప్పే టిక్కు టిక్కు శబ్దం వినిపిస్తాయి. దాన్ని క్లిక్ అంటారు. అవేవీ మైకులోకి వెళ్ళవు. మైకులోకి వెళ్ళేది వీణ ఒక్కటే.

వరలక్ష్మి మొదటి టేకు వాయించింది. నేను ఇవతలి గదిలో స్పీకర్లో విన్నాను. బాగుంది. బాగుందని ఒప్పుకోవడానికి నాకు ఎంత కష్టమైందో నాకే తెలుసు. కానీ సెల్వం తల అడ్డంగా ఊపాడు. పక్కతీగలు వద్దన్నాడు.

వీణకి వాయించే తీగలు నాలుగు కాక పక్కన మరో మూడు ఉంటాయి. వాటి మీద పలికేది షడ్జమం, పంచమం మాత్రమే. వాటిని చిటికెన వేలితో మీటుతూ తాళం నిలుపుకుంటాం. మా గురువుగారు స్వరాలు రాకముందే ఆ వేలికి పాఠం మొదలుపెట్టేవారు. మన సంగీతంలో ఆధార శ్రుతి కదలదు కనుక అవి ఎప్పుడూ ఇంపుగానే ఉంటాయి. సినిమా పాటలో అడుగున కీబోర్డు కార్డులు, అంటే రెండు మూడు స్వరాలు ఒకేసారి మోగే గుత్తులు, మారిపోతుంటాయి. వాటికీ పక్కతీగలకీ పడదు, చెవిలో ఇసుక పోసినట్టుంటుంది. సెల్వం మమ్మల్ని లోపలికి పిలిచి రెండూ కలిపి వినిపించాడు. అతను చెప్పింది నిజమే.

వరలక్ష్మి సరేనంది. వాయించింది. పక్కతీగ మోగింది. వన్ మోర్ అన్నారు, అంటే మళ్ళీ వాయించమని. మళ్ళీ మోగింది.

“నేనేటి సేసేదే, ఏలు దానంతటదే పోతన్నాది,” అంది నాతో, నవ్వుతూనే.

సూరిబాబు పక్కతీగల కింద గుడ్డ కుక్కాడు. మోత ఆగింది గానీ గోరు తగిలిన టక్కుటక్కు మైకులో పడింది. చివరికి ఆ వేలిని పక్క వేలితో కలిపి ప్లాస్టరు చుట్టారు. అప్పుడిక శబ్దం లేదు, లయా లేదు. ఇన్నేళ్ళూ కాలాన్ని ఆ వేలితోనే పట్టుకున్న మనిషి, అది లేకపోయేసరికి క్లిక్ కంటే ముందుకి పరిగెత్తేది, లేదా వెనకబడేది. ఎ గ్రేడు ఆర్టిస్టు నా కళ్ళముందు తడబడుతోంది. అబ్బ, ఎంత హాయిగా ఉందో! ముఖం మాత్రం జాలిగా పెట్టుకున్నాను.

సెల్వం గడియారం చూసుకుని నా వైపు తిరిగాడు. “మేడమ్, నీంగ... మీరు ట్రై చేస్తారా?”

నా చిటికెన వేలు మొదటినుంచీ బద్ధకపు వేలు. మా గురువుగారు “ఏమ్మా, ఆ వేలికి పక్కవేసి పడుకోబెట్టావా?” అని అందరి ముందూ అనేవారు. రేడియో పరీక్షకుల మాట కూడా అదేనని నా అనుమానం. ఆ రోజు ఆ బద్ధకమే అక్కరకొచ్చింది. రెండో టేకుకే ఓకే అన్నాడు. సెల్వం కాగితం మీద వీణ అని రాసి ఎదురుగా నా పేరు రాసుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో వరలక్ష్మి కారు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. రణస్థలం దాటాక “బాగానే వాయించీసావే,” అంది. ఆ ‘బాగానే’లోని దీర్ఘం నాకు గుచ్చుకుంది. అయినా పోనీలే అనుకున్నాను, గెలిచింది నేను.

సినిమా కంటే ముందు పాటలు వచ్చాయి. నా బిట్టు స్పష్టంగా ఉంది. స్టాఫ్ రూములో, పెళ్ళిళ్ళలో, చివరికి బ్యాంకు క్యూలో కూడా ఫోన్ తీసి వినిపించాను. తెలుగులోకి డబ్ చేసిన సినిమా విజయనగరం రాగానే డిపార్ట్‌మెంటు మొత్తానికి నేనే టిక్కెట్లు తీశాను. వరలక్ష్మిని నా పక్క సీట్లో కూర్చోబెట్టుకున్నాను. కావాలనే.

పాట వచ్చింది. సరిగ్గా నా బిట్టు దగ్గర హీరో బైకు స్టార్ట్ చేశాడు. వెనకాల ఇద్దరు జోకులేసుకున్నారు. హాలు నవ్వింది. నా వీణ ఆ బైకు కింద పోయింది.

ఆఖర్న తల్లి చనిపోతుంది. కొడుకు ఖాళీ ఇంట్లోకి వచ్చి, గోడవారనున్న వీణ మీద గుడ్డ తీస్తాడు. మాటల్లేవు, కీబోర్డు లేదు, ఇంకే వాద్యమూ లేదు. వీణ ఒక్కటే మొదలైంది. మొదటి మీటుకే పోల్చాను. అది వరలక్ష్మి. ఆ రోజు వద్దన్న మొదటి టేకు. అడుగున కార్డులు లేకపోవడంతో పక్కతీగలు ఇంటి చూరు నుంచి వాన చుక్కలు పడ్డట్టు నిదానంగా పడుతున్నాయి. హాల్లో ఎవరూ కదల్లేదు. నా ముందు సీట్లో ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది, కానీ అది తల్లి పాత్ర గురించి కాదు.

వరలక్ష్మి నా చెయ్యి పట్టుకుంది. “ఒసే, ఎంత బాగా వాయించీసినావే! నీలో ఇంత ఉన్నాదని నాకు తెలీనేదు,” అంది.

ఊరుకుంటే ఆ మాట నాదైపోయేది. కానీ ఆ వీణకి నేను మెప్పు పుచ్చుకోవడం కంటే చావు నయమనిపించింది.

“నాది కాదే తల్లీ, నీదే. పక్కతీగలు వినపడ్డం లేదా?” అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

ఆమె కాసేపు విని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ తరువాత పేర్లు పరిగెత్తాయి. వీణ అని ఉన్నచోట నా పేరు ఒక్కటే ఉంది.

“వాయింపు నాది, పేరు నీదా? బాగుందే నాయం!” అంది. ఆ రోజే మొదటిసారి ఆమె ముఖంలో నా మీద కుళ్ళు చూశాను. అంతలోనే వెలుగుతున్న తెర వైపు తిరిగి నవ్వేసింది. నేను నవ్వలేకపోయాను.

మర్నాడు సెల్వానికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. రికార్డింగులో వద్దన్న టేకులు చెరిపేయరని, దాచి ఉంచుతారని, సీనుకి ఏది నప్పితే అది పెట్టుకుంటారని వివరించాడు. పేర్లు మాత్రం ఆ రోజు ఓకే అయిన టేకుని బట్టి వెళ్తాయట. తెర మీద పేరు మార్చడం ఇక కుదరదన్నాడు. స్టూడియోకి వెళ్ళే పిల్లలకి ఇప్పుడు నేను ఈ సంగతి తప్పకుండా చెబుతాను: పేరు గురించి మీటే ముందే మాట్లాడుకోండి, ఏ టేకునీ చెడిపోయిందని వదిలేయకండి.

నా మట్టుకు నాకు తెలిసింది వేరొకటి ఉంది. ఆమె వాయింపుని నేను గోడ ఇవతలినుంచి సర్వీసంతా విన్నాను, అందుకే ఒక్క మీటుకి పోల్చాను. తన వీణ విని అది నాదని వరలక్ష్మి నిజంగానే అనుకుంది. అంటే, నేను వాయిస్తున్నప్పుడు ఆమె ఏనాడూ వినలేదు.