బాపుకు బొంబాయి చూపించిన రోజులు

మొన్న మా మనుమరాలు నన్ను సిద్దిపేటలో కొత్తగా తెరిచిన ఓ పెద్ద దుకాణానికి తీసుకువెళ్లింది. లోపల పగలే దీపాలు, అద్దంలా మెరిసే నేల, మనిషికి మనిషి తగలనంత విశాలమైన దారులు. గడప దాటుతూనే ఆ పిల్ల నా మణికట్టు గట్టిగా పట్టుకుని, "అమ్మమ్మా, నా చెయ్యి ఇడువకు, తప్పిపోతవ్" అంది. నాకు నవ్వు వచ్చింది, ఆ వెంటనే కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. ఆ మాటే ఒకప్పుడు నేను మా బాపుతో అన్నాను. అప్పటికి నాకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. ఊరు బొంబాయి.

యుద్ధం నడుస్తున్న రోజులవి. నా ఈడు వాళ్లకు జ్ఞాపకం ఉండే ఉంటుంది, అప్పట్లో మనది నిజాం రాజ్యం, బొంబాయి ఇంగ్లీషువాళ్ల ఏలుబడి. మాట వేరు, చెల్లే రూపాయి వేరు, తిండి వేరు. సిద్దిపేట నుంచి బొంబాయి పోవడమంటే ఇప్పటివాళ్లు దుబాయి పోవడం కన్నా దూరం. అయినా మా నేతపని వాళ్లు చాలామంది పోయారు. నూలు దొరక్క మగ్గాలు మూలపడుతుంటే, అక్కడి బట్టల మిల్లుల్లో పని దొరుకుతుందని ఒకరి వెనుక ఒకరు వెళ్లారు. అలా వెళ్లినవారిలో మా ఆయన ఒకరు. పెళ్లయిన మరుసటి ఏడు నన్నూ తీసుకువెళ్లారు. మిల్లు దగ్గర చాలు అనే కూలీల మేడలో, మూడో అంతస్తులో ఒక్కటంటే ఒక్క గది. వరండా పొడుగునా ఇరవై సంసారాలు, అందరికీ కలిపి ఒక నీళ్ల నల్లా. పక్క గది మరాఠీ ఆమె పుణ్యమా అని వాళ్ల మాట కొంచెం కొంచెం నేర్చుకున్నాను, బజారులో కూరగాయలు అడగడానికీ, నల్లా దగ్గర పోట్లాడడానికీ సరిపోయేంత.

తొలికాన్పుకు పుట్టింటికి రావాలి కదా. రైళ్ల నిండా సిపాయిలే, చోటు దొరకడం గగనం, వచ్చే నెల పోదువులే అంటూ ఉండగానే నెలలు నిండకముందే నాకు నొప్పులు వచ్చాయి. ఆడపిల్ల. నెల తిరగకుండానే పోయింది. నన్ను కన్న అవ్వ గానీ, బాపు గానీ ఆ బిడ్డను చూడనేలేదు.

తర్వాత నేను చాపమీద నుంచి లేవలేదు. లేవలేదంటే లేవలేక కాదు, ఎందుకు లేవాలో తెలియక. మా ఆయన మంచివారు, పొద్దున్నే గంజి కాచి నా పక్కన పెట్టి మిల్లుకు పోయేవారు, సాయంత్రం వచ్చి అది అలాగే ఉంటే పారబోసేవారు. మరిచిపో, మళ్లీ పుడతారు అనేవారు. పక్కగది ఆమె కూడా అదే మాట అనేది. లోకమంతా కూడబలుక్కుని నన్ను మరిచిపొమ్మన్నట్టు ఉండేది. అంతలో మా వాడకట్టు మనిషి ఒకాయన ఊరికి పోతుంటే, మా ఆయన అతనితో కబురు పంపారు.

ఒక మధ్యాహ్నం గుమ్మంలో ఎవరో నిలబడ్డ నీడ పడింది. చూస్తే బాపు. భుజాన మూట, తలకు రుమాలు, మాసిన ధోవతి. సిద్దిపేట నుంచి సికింద్రాబాదుకు బస్సులో, అక్కడి నుంచి రైల్లో, దారి పొడుగునా నిలబడే వచ్చాడట. మూటలో జొన్నపిండి, మామిడి ఒరుగులు, ఎండు మిరపకాయలు, అవ్వ చేసిన బాలింత కాయం. బిడ్డ పోతే మాత్రం బాలింత బాలింత కాకపోతుందా అని అవ్వ పంపిందట. బాపు నన్ను చూసి ఏడవలేదు, దగ్గరికి తీసుకోలేదు. అప్పటి తండ్రులు పెళ్లయిన కూతుళ్లను ముట్టుకునేవారు కారు. గది నాలుగు మూలలూ చూసి, నీళ్లు తాగి, చాప అంచున కూర్చుని అన్న మొదటి మాట ఇది.

"బిడ్డా, మీ అవ్వ ఒక అడకత్తెర తెమ్మన్నది. బొంబాయిల మంచియి దొరుకుతయట. నాకేమో గీ ఊరు తెల్వది, మాట తెల్వది. రేపు జర నా ఎంబడి రా."

నాకు లేవాలని లేదు. అల్లుణ్ణి తీసుకుపొమ్మంటే, ఆయన మిల్లు మానితే ఎట్లా అన్నాడు బాపు. పక్కగది ఆమెను అడుగుతానంటే, పరాయి ఆడమనిషి వెంట నేనెట్లా పోతాను అన్నాడు. ఇంత దూరం వచ్చిన తండ్రికి ఒక్క బజారు చూపించకపోతే బాగుండదని మర్నాడు లేచి తల దువ్వుకున్నాను. ఎన్నాళ్లకో దువ్వెన పట్టాను, చిక్కులు తీసేసరికి చేతులు నొప్పి పుట్టాయి. మెట్లు దిగి రోడ్డు మీదికి రాగానే, ట్రాములూ గుర్రబ్బండ్లూ జనమూ చూసి బాపు బిక్కమొహం వేశాడు. అప్పుడే నేను ఆయన కండువా కొస పట్టుకుని, నా చెయ్యి వదలకు బాపూ, తప్పిపోతవ్ అన్నాను. చిన్నపిల్లవాడిలా తల ఊపాడు.

ఆ అడకత్తెర కోసం మేము తిరగని బజారు లేదు. మొదటి రోజు మా చాలు వెనుక సందులో ఒకటి చూశాం. బాపు దాన్ని తెరిచి మూసి, పిడి బాగాలేదన్నాడు. మర్నాడు ఇత్తడి సామాన్ల వీధికి పోయాం, అక్కడివి మరీ సోకుగా ఉన్నాయన్నాడు. క్రాఫర్డ్ మార్కెట్టులో అడకత్తెరలు ఉంటాయని ఎవరు చెప్పారో నాకు తెలియదు గానీ, అక్కడికీ పోయాం. పండ్ల గుట్టల మధ్య నుంచి నడిచి పిట్టలు అమ్మే వైపు వెళ్లేసరికి రామచిలుకలు, తెల్లపావురాలు, పేరు తెలియని రంగురంగుల పిట్టలు పంజరాల నిండా అరుస్తున్నాయి. బాపు అక్కడ చాలాసేపు నిలబడిపోయి, ఆ పచ్చరంగు చూడు బిడ్డా, ఈ రంగు నూలు కండె మీద చుడితే చూసి చావాలె అన్నాడు. ఎంతైనా నేతగాడి కళ్లు కదా, ఆయనకు లోకంలో ప్రతి రంగూ ముందు చీర అంచులాగే కనిపించేది.

ప్రతి దుకాణం దగ్గరా నాతోనే అడిగించేవాడు. ఇదేంటో అడుగు, ఏ ఊరి నుంచి వస్తదో అడుగు, ఎట్ల వండుతరో అడుగు. ఎండబెట్టిన చేపల వాసనకు నేను ముక్కు మూసుకుంటే, పాపం బతుకుదెరువు, అట్ల మొహం పెట్టకు, ఎట్ల వండుతరో అడుగు అని మళ్లీ మొదలు. నేను వచ్చీరాని మరాఠీలో అడగడం, వాళ్లు నవ్వుతూ చెప్పడం, నేను తెలుగులో తిప్పి చెప్పడం. నెలల తరబడి నోరు విప్పని దాన్ని, సాయంత్రం ఇల్లు చేరేసరికి గొంతు బొంగురుపోయేది. ఆకలి వేసేది. బాపు తెచ్చిన జొన్నపిండితో రొట్టెలు చేసేదాన్ని. నా చేతి రొట్టె తింటూ మా ఆయన ఒకరోజు తల వంచుకుని ఎందుకో కళ్లు తుడుచుకున్నారు, కారం ఎక్కువైందన్నారు.

ఇంకో సంగతి చెప్పాలి. ఒకనాడు ఎండలో తిరిగి తిరిగి ఇరానీ హోటలు ముందు నిలబడితే, చాయ్ తాగుదాం రమ్మన్నాడు బాపు. సిద్దిపేటలో ఆడవాళ్లు హోటల్లో కూర్చోవడం నేను కలలో కూడా చూడలేదు. రాతిపలక బల్ల దగ్గర తండ్రీ కూతుళ్లం ఎదురుబొదురు కూర్చున్నాం. నా చాయ్ వేడిగా ఉందని తనే సాసరులో పోసి, ఊది, నా ముందుకు జరిపాడు. ఆ సాసరు అంచు మీద ఆయన వేళ్లు, మగ్గం కోసం ఆసు మీద నూలు తోడీ తోడీ మొద్దుబారిన ఆ వేళ్లు, ఇప్పటికీ నా కళ్లకు కట్టినట్టున్నాయి.

అలా తిరుగుతుండగా ఒకరోజు పూల బజారులో ఆ గొడవ జరిగింది. సన్నటి సందు, రెండు వైపులా బంతి, చామంతి గుట్టలు, నెత్తిన గంపలతో అటూ ఇటూ కూలీలు. అంతలో ఒక సైన్యం లారీ హారను కొట్టుకుంటూ సందులోకి దూరింది. జనం ఒక్కసారి గోడలకు నెట్టుకున్నారు. నేనొక గంపల వరస వెనుక పడ్డాను. లేచి చూస్తే నా చేతిలో బాపు కండువా మాత్రమే ఉంది, బాపు లేడు.

ఊరు తెలియని మనిషి, మాట రాని మనిషి, ఇంటి అడ్రసు చెప్పలేని మనిషి. పోలీసులు పట్టుకుంటే ఏమని చెప్పుకుంటాడు, ట్రాము కింద పడితే ఎవరికి తెలుస్తుంది. బిడ్డ పోయినప్పుడు కూడా గొంతెత్తి ఏడవని దాన్ని, ఆ సందులో బాపూ బాపూ అని అరుస్తూ పరుగెత్తాను. కనిపించిన ప్రతివాళ్లనూ ఆపి, తెల్ల రుమాలు కట్టుకున్న ముసలాయనను చూశారా అని అడిగాను. మరాఠీ, ఉర్దూ, తెలుగు ఏది నోటికొస్తే అది. ఒక కూలీ సందు చివరికి చెయ్యి చూపించాడు.

సందు చివర ఒక ముసలి పూలామె గోనెపట్టా మీద బాపు హాయిగా కాళ్లు మడుచుకుని కూర్చుని ఉన్నాడు. ఆమె దారానికి పూలు గుచ్చుతుంటే, ఈయన విడిపూలు ఏరి అందిస్తున్నాడు. మాట్లాడుతున్నాడు. గలగలా మరాఠీలో. ఆమె దేనికో పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

నేను అక్కడే నిలబడిపోయాను. ముందు ఊపిరి వచ్చింది, తర్వాత కోపం వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక బాపు మీద గొంతు లేపడం అదే మొదలు, అదే కడ.

"నీ కోసం సచ్చిపోయిన కద బాపూ. నీకు గీ మాట ఎక్కడిది?"

బాపు తప్పు చేసి దొరికిపోయిన పిల్లవాడిలా చూశాడు. "తప్పిపోయినోడు కదలకుండ ఒక్కకాడ కూసోవాలె బిడ్డా, అందుకే కూసున్న" అన్నాడు ముందు. నేను కదలకపోయేసరికి మెల్లగా చెప్పాడు. "మీ అవ్వను చేసుకోకముందు నాలుగేండ్లు గీ ఊర్లనే మిల్లుల పనిచేసిన."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు ఇంట్లకెళ్లి బయటికొస్తుంటివా?"

ఆ పూలామెకు మా మాటలు ఏమీ అర్థం కాలేదు. నా మొహం చూసి ఏమనుకుందో, పక్కకు జరిగి చోటిచ్చింది. నేను కూలబడ్డాను. ఆ గోనెపట్టా మీద, బంతిపూల గుట్టకు ఆనుకుని, ఆ నెలల ఏడుపంతా ఏడ్చాను. బాపు నన్ను ఓదార్చలేదు. పక్కన కూర్చుని పూలు ఏరుతూనే ఉన్నాడు. ఏడ్చి ఏడ్చి ఆగాక, అసలు అవ్వ అడకత్తెర అడిగిందా అంటే, ఆమె పోకలు తినుడు మానేసి ఎన్నేండ్లయిందో నీకు తెల్వదా అన్నాడు. అప్పుడు నాకు నవ్వు వచ్చింది. ఏడ్చిన ముఖంతోనే నవ్వాను. ముసలామె కూడా నవ్వింది, ఎందుకో తెలియకపోయినా.

ఆ తర్వాతి రోజుల్లో బొంబాయిని నాకు బాపు చూపించాడు. తాను పడుచువాడుగా ఉన్నప్పుడు స్నానం చేసిన నల్లా, సెలవునాడు సిద్దిపేట వాళ్లంతా కూడి పాటలు పాడుకున్న మైదానం, జీతం రాగానే జిలేబీ తిన్న వీధి. కదులుతున్న ట్రాము నుంచి ఎలా దిగాలో నేర్పాడు. ధోవతి కొస పైకి దోపి ఆయన ముందుగా దిగి నా వైపు తిరిగి నవ్వుతుంటే, మా బాపు కూడా ఒకప్పుడు నాలాగే ఇంటికి దూరంగా వచ్చిన పిల్లవాడే కదా అనిపించింది. అంతకుముందు నాకు ఆ ఆలోచనే రాలేదు.

బాపు వెళ్లే రోజు నేనొక్కదాన్నే స్టేషనుకు వెళ్లి సాగనంపాను. పెట్టె నిండా జనం. కిటికీ దగ్గర ఎలాగో చోటు దొరికింది. అన్ని రోజులు తిరిగామా, ఒక్కసారి కూడా బాపు ఆ బిడ్డ మాట ఎత్తలేదు. అందరిలాగే ఆయనా మరిచిపోవాలనే అనుకుంటున్నాడని నేను సరిపెట్టుకున్నాను. గార్డు ఈల వేశాక, కిటికీ ఊచల మధ్య నుంచి ముఖం బయటపెట్టి అడిగాడు.

"బిడ్డా, పిల్ల ఎవరి పోలికుండె?"

నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు. అంతవరకు ఎవరూ అడగలేదు.

"నీ పోలికే బాపూ. ముక్కు అచ్చం నీదే."

బాపు తల ఊపాడు. తన ముక్కును ఒకసారి తడిమి చూసుకున్నాడు. రైలు కదిలింది.

నిజాం రాజ్యం పోయాక మేము సిద్దిపేటకే తిరిగి వచ్చాం. నాకు మళ్లీ ముగ్గురు పిల్లలు పుట్టారు. బాపు వాళ్లందరినీ భుజాన ఎత్తుకుని మన బజారు తిప్పాడు. నేను వచ్చాక అవ్వ చెప్పింది, నా కబురు విన్న రోజున మగ్గం మీద చీర సగంలో ఉందట. సగం నేసిన చీరను విడిచి ఆయన గడప దాటడం అవ్వ ఎరిగి అదొక్కసారేనట.

ఇప్పుడు కాలం మారింది. మనసు కుదురుగా లేకపోతే చూసే డాక్టర్లున్నారు, పిల్లలు తల్లిదండ్రుల దగ్గర అన్నీ విప్పి చెప్పుకుంటున్నారు, తండ్రులు పెళ్లయిన కూతుళ్లను అక్కున చేర్చుకుంటున్నారు. చూస్తే ముచ్చటగా ఉంటుంది, ఇదే బాగుందనిపిస్తుంది. మా బాపుకు అలాంటి మాటలు తెలియవు. ఆయనకు తెలిసిందల్లా పక్కన నడవడం. అలా పక్కన నడిచే మనుషులు ఇప్పుడు తక్కువయ్యారో, నడిచేంత తీరికే తక్కువైందో నాకు తెలియదు గానీ, పిల్లలను పోగొట్టుకున్న తల్లులు ఎక్కడ తారసపడినా నేను మాత్రం మరిచిపొమ్మని చెప్పను. పక్కన కూర్చుంటాను. కాసేపటికి, ఎవరి పోలిక అని అడుగుతాను. ఇంతవరకు ఏ తల్లీ జవాబు చెప్పకుండా ఉండలేదు.