కేలండర్ రాజకుమారి చెల్లెలు

నీలవేణికి లోకం మీద నమ్మకం లేదు. పాలల్లో నీళ్లు కలిపారని అందరూ అంటారు, ఈవిడ నీళ్లల్లో పాలు కలిపారంటుంది. చీపురుపల్లిలో మా పక్కవాటాలోనే ఉంటూ జాకెట్లు కుడుతుంది. మా ఇద్దరిదీ పుట్టిల్లు బొబ్బిలే, ఒకే వీధి.

వాళ్లక్క రాజకుమారి మద్రాసు వెళ్లి కేలండర్లకు ఫొటోలు దిగింది. తడిచీర ఫొటో ఒకటి కోర్టుదాకా పోయింది. ఊరూవాడా నోరు పారేసుకుంది. ఆ గొడవలోనే కన్న పసిగుడ్డును చెల్లెలి ఒళ్లో పెట్టి మళ్లీ మద్రాసు వెళ్లింది, జ్వరమొచ్చి అక్కడే పోయింది. ఆ పిల్లే యమున. నీలవేణి ఫొటోలన్నీ పొయ్యిలో పెట్టి, బిడ్డతో ఈ ఊరొచ్చేసి, తన కూతురేనని చెప్పుకుంది. సంగతి తెలిసింది ఆవిడ మొగుడు జగన్నాధానికీ, నాకూ మాత్రమే.

ఇప్పుడు రాజకుమారి మీద సినిమా తీశారు. తీసేముందు ఆ సినిమావాళ్లెవరో వచ్చి జగన్నాధంతో టీకొట్టు దగ్గర మాట్లాడి పోయారట. అంతే, నీలవేణి మొగుణ్ని నిలదీసింది. అతను నోరు విప్పలేదంటే నమ్మక, నా మీద పడింది.

"నిజం సెప్పొదినా, ఆల్లతో నువ్వేటైనా వాగీసినావా?"

నాకు ఒళ్లు మండింది. "ఇన్నేల్లూ నోరు కట్టుకుని బతికితే నన్నే అంటావేటే? నీ అనుమానం తగలెయ్య!"

సినిమా చూడాల్సిందేనని యమున పట్టుబట్టింది. వద్దంటే ఎందుకంటుంది, అదో తంటా. ఆడవాళ్లం ముగ్గురం వెళ్లాం. నీలవేణి తెర చూస్తే ఒట్టు, యమున మొహమే చూస్తూ కూర్చుంది. సినిమా అంతా వాన పాటలే. బొబ్బిలి లేదు, చెల్లెలు లేదు, బిడ్డ లేదు. చివరికి తాగి మేడమెట్ల మీంచి పడి చచ్చినట్టు చూపించారు. మందు వాసనకే వాంతి చేసుకునే పిల్ల మా రాజీ! వెళ్లి తెర చింపేద్దామనిపించింది. నీలవేణి మాత్రం, "గండం గడిసినాదొదినా" అని నా చెవిలో గొణిగింది.

బయటికొచ్చాక యమున కళ్లు తుడుచుకుంటోంది.

"ఆ సెత్త సినిమాకి ఏడుపేటే?" అంది నీలవేణి.

"మా అమ్మని తాగుబోతుని సేసీసినారు."

 నీలవేణి, నేనే చెప్పేశానన్నట్టు నావైపు ఉరిమి చూసింది.

"అత్తనేటీ అనకమ్మా. సిన్నప్పుడు ఏసవిలో జుట్టు కత్తిరించడానికి నాన్న సెలూన్‌కి తీసికెల్లేవోడు కదా. ఆ గోడమీద రాజకుమారి పాత కేలండర్ ఉండీది. బొమ్మని సూస్తే నాన్న తల దించీసుకునేవోడు. పెద్దయ్యేకొద్దీ అద్దంలో ఆ మొకమే కనిపించినాది."

మగాళ్ల సెలూన్‌లో ఏం తగిలించారో నీలవేణికేం తెలుసు?

"మరిన్నాల్లూ నన్నడగలేదేటే?" అంది నీలవేణి.

"అడిగితే నీ కూతుర్ని కాదని పంపీస్తావేమోనని బయమేసినాది."

"ఎక్కడికి పంపుతానే, ఎర్రిమొకమా!" అంటూ నీలవేణి నడిరోడ్డు మీద దాన్ని వాటేసుకుని బావురుమంది.